తెల్ల కర్రకు తొలి శాసనం: పియోరియా హక్కు

ఇల్లినాయ్ నది ఒడ్డున ఉన్న పియోరియా నగరం పేరు చెప్పగానే బయటివారికి క్యాటర్‌పిల్లర్ యంత్రాలు గుర్తుకు వస్తాయే గాని, చూపులేనివారి చేతిలోని తెల్ల కర్రకు చట్టం అండ దొరికింది ఈ ఊరిలోనేనన్న సంగతి, ఆ సంస్థ ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కూడా అందరికీ తెలియదు. ఆ కర్ర పుట్టిల్లు పియోరియాయా, ఇంగ్లండులోని బ్రిస్టలా, ప్యారిసా అన్న వాదం చాలాకాలంగా సాగుతున్నది. ఈ విషయంపై రాసినవారు తరచుగా ‘మొదట రంగు పూసినదెవరు’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవడం వల్ల పియోరియాకు అన్యాయమే జరిగింది.

వ్యాపారులు, వృత్తి నిపుణులు స్వచ్ఛందంగా చేరి చందాలతో సమాజసేవ చేసే లయన్స్ క్లబ్ అనే సంఘం 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో షికాగోలో ఏర్పడింది. 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్‌లో జరిగిన మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలవమని కోరినప్పటి నుంచి చూపు కాపాడటం, చూపులేనివారికి తోడ్పడటం ఆ సంఘానికి ముఖ్య వ్రతమయ్యాయి. తెలుగు పట్టణాలలో లయన్స్ క్లబ్బులు జరిపే కంటి శిబిరాలు ఆ పిలుపుకు కొనసాగింపే.

1930లో పియోరియా క్లబ్ అధ్యక్షుడు జార్జ్ బోన్‌హామ్, ఒక అంధుడు వీధి దాటలేక అవస్థపడటం చూశాడు. ఆ మనిషి చేతి కర్ర నల్లనిది కావడంతో, నల్లని రోడ్డు మీద అది వాహనం నడిపేవారి కంటికి ఆనలేదు. కర్రకు తెల్లరంగు వేసి, మరింత స్పష్టంగా కనబడేందుకు వెడల్పాటి ఎర్ర పట్టీ చేర్చాలన్న బోన్‌హామ్ ఆలోచనను క్లబ్ ఆమోదించి కర్రలు చేయించింది. అసలు విశేషం ఆ తరువాతిది. ఆ ఏడాది డిసెంబరులోనే నగర కౌన్సిల్ ఒక స్థానిక శాసనం చేసి, తెల్ల కర్ర పట్టుకున్న అంధుడు వీధి దాటుతున్నప్పుడు దారి మీద మొదటి హక్కు అతనిదని, అంటే వాహనాలే ఆగి దారి ఇవ్వాలని నిర్ణయించింది. అమెరికాలో ఇటువంటి శాసనం ఇదే మొదటిది.

బ్రిస్టల్ పక్షం వారు చెప్పే జేమ్స్ బిగ్స్ కథ కాదనదగినది కాదు. ఫోటోగ్రాఫరైన బిగ్స్, 1921లో ప్రమాదంలో చూపు కోల్పోయి, ఇంటి చుట్టూ తిరిగే వాహనాలకు భయపడి తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. కాబట్టి తెల్ల కర్రను కనిపెట్టింది బోన్‌హామే అని రాసే స్థానిక అభిమానుల మాట నిలవదు. అయితే ఒక మనిషి తన కర్రకు వేసుకున్న రంగు అతని సొంత జాగ్రత్త మాత్రమే. ఆ రంగుకు అర్థమేమిటో ఎదుటి డ్రైవరుకు తెలిసి, ఆగక తప్పని బాధ్యత అతనిపై పడినప్పుడే అది ఊరంతటికీ చెల్లే గుర్తు అవుతుంది. ఆ బాధ్యతను చట్టంలో రాసింది పియోరియా.

ప్యారిస్ వాదం మరింత బలహీనమైనది. గిల్లీ డెర్బెమాన్ అనే మహిళ అక్కడి అంధులకు తొలి తెల్ల కర్రలు అందజేసిన సభ 1931 ఫిబ్రవరి 7న జరిగింది. ఆమె ఆ తరువాత వేల కర్రలు పంచడం నిస్సందేహంగా గొప్ప సేవే. కాని ఆ సభ నాటికి పియోరియా శాసనం అమలులోకి వచ్చేసింది. మంత్రులు హాజరైన రాజధాని వేడుక చరిత్రకెక్కినంత తేలికగా, నదీతీరపు పారిశ్రామిక పట్టణంలో కౌన్సిలర్లు చేసిన శాసనం చరిత్రకెక్కకపోవడం విచారకరం.

1931లో లయన్స్ సంస్థ ఈ కార్యక్రమాన్ని తన క్లబ్బులన్నిటా చేపట్టాక, రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి తెల్ల కర్ర చట్టాలు చేశాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రతో ముందున్న నేలను తడిమి నడిచే పద్ధతిని రూపొందించినప్పుడు కర్ర పొడవు, వాడుక మారాయి గాని తెలుపు మారలేదు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ అక్టోబరు 15ను తెల్ల కర్ర దినంగా ప్రకటించాడు. నేడు భారతదేశంలోనూ జరుపుకుంటున్న ఆ తేదీ వాషింగ్టన్ ఇచ్చినది. పియోరియా కౌన్సిల్ ఓటు వేసిన డిసెంబరుకు ఏ పంచాంగంలోనూ చోటు దక్కలేదు.