ఎడమచేతికి గుణింతం, కుడిచేతికి హల్లు

మంచిర్యాల నుంచి బెల్లంపల్లి వైపు పోయే రైలుమార్గంలో రవీంద్రఖని దాటగానే మందమర్రి వస్తుంది. ఇది బాయి ఊరు. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు. నాయన ఏడని అడిగితే "బాయికి పోయిండు" అంటారు పిల్లలు. కేకే బాయిలు, కాసిపేట, శాంతిఖని అన్నీ సింగరేణి మందమర్రి ఏరియా పేర్లే.

యంత్రాలు రాకముందు బాయిలో బొగ్గు నింపడమంటే తట్టా చెమ్మస్ పని. చెమ్మస్‌తో బొగ్గెత్తి తట్టలో పోయాలి, తట్టను టబ్బు దాకా మోసి గుమ్మరించాలి. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. ఆ పనిముట్టు ఏ మనిషి నడుమునూ అడిగి తయారైంది కాదు, నడుమే దానికి తగ్గట్టు వంగింది. తర్వాత బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాయి, తట్టలు పక్కకు పోయాయి. కానీ బాయి దిగిన తండ్రుల్లో ఎందరో కొడుకు బాయి దిగొద్దనే కోరుకున్నారు. ఆఫీసు కొలువు కావాలంటే చేతిలో ఒక సర్టిఫికెట్ ఉండాలి. ఒకప్పుడు అది టైపు సర్టిఫికెట్.

తెలంగాణ పట్టణాల్లో కంప్యూటర్ సెంటర్లు రాకముందు టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం నడిచింది. రోజుకో గంట, మనిషికో మిషను. మొదటి పాఠం 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్', ఆ వెంటనే 'సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె'. ముందు ఎడమచేయి, తర్వాత కుడిచేయి. పేజీలకు పేజీలు అదే. ఇంగ్లిష్ లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. కీబోర్డును నడిమికి గీత గీసి రెండు చేతులకు పంచే పద్ధతి ఈ ప్రాంతపు యువకుల వేళ్లలో అలా దిగింది.

ఆ మిషను అక్షరాల వరస మాత్రం వేళ్ల కోసం పుట్టింది కాదు. షోల్స్, గ్లిడెన్ల యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. కీ కింద ఉండే ఇనుప కడ్డీలు ఒకదాన్నొకటి తగలకుండా పైకి రావాలంటే కీలు కొంచెం కొంచెం పక్కకు జరగాలి. అందుకే వరసలు ఏటవాలుగా కుదిరాయి. కడ్డీలు ఎప్పుడో పోయినా ఆ వాలు ఇప్పటి ల్యాప్‌టాప్‌లో అలాగే ఉంది. పైగా ఆ కీబోర్డు రెండు చేతులనూ దగ్గరగా తెచ్చి, మణికట్లను బయటికి విరిచి పెట్టమంటుంది.

ఈ ఇబ్బందిని జర్మనీలో క్లాకెన్‌బెర్గ్ 1926లోనే పట్టుకున్నాడు. కీబోర్డును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను చేతి వాటానికి తిప్పమన్నాడు. 1972లో క్రోమర్ ఆ ఆలోచనను ప్రయోగాలకు పెట్టాడు. 1970ల చివర ఇంగ్లండులో లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్డే కలిసి మాల్ట్రాన్ తెచ్చారు. 1992లో కినెసిస్, 1994లో మైక్రోసాఫ్ట్ నేచురల్ వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని సొంతంగా కట్టుకునే ఎర్గోడాక్స్, కోర్నె లాంటివి ఈ వంశంలోవే.

తెలుగు మిషను కష్టాలు వేరే. అక్షరం ముక్కలై వచ్చేది. గుడి, కొమ్ము, వత్తు దేనికది కొట్టాలి. కొన్ని కీలు నొక్కితే క్యారేజీ కదలదు, గుర్తు మాత్రం పడుతుంది, ఆపైన అసలు అక్షరం కొడితే రెండూ ఒకచోట కూడతాయి. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది. తెలుగులో పాలన నడవాలంటే ప్రతి ఆఫీసు బల్ల మీదా తెలుగు మిషను ఉండాలి కదా. భాష గొడవ కాస్తా కీల గొడవగా మారింది అక్కడే.

ఆ గొడవకు గొప్ప జవాబు 1986లో వచ్చింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషల్లో చాలావాటికి ఒకే కీబోర్డు వరస ఖాయం చేసింది. కాన్పూర్ ఐఐటీలో భారతీయ లిపుల మీద జరిగిన పని దాని వెనక ఉంది. అదే ఇన్‌స్క్రిప్ట్. 1991లో భారతీయ లిపుల ఇస్కీ ప్రమాణంతో పాటు దానికీ ముద్ర పడింది.

ఇన్‌స్క్రిప్ట్‌ను కాసేపు చేతి కింద పెట్టుకుని చూడాలి. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి. హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి. కుడి నడిమివేలు ఉన్నచోటే క, దానిపై వరసలో గ, షిఫ్ట్ పట్టుకుంటే ఖ, ఘ. క-వర్గంలో నాలుగక్షరాలు ఒక్క వేలి సొత్తు. ఉంగరపు వేలికి త-వర్గం, చూపుడు వేలికి ప-వర్గం. బడిలో పలక మీద దిద్దిన వర్ణమాలే వేళ్లకు పంచినట్టుంటుంది.

'మందమర్రి' కొట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎడమచేత్తో మ, సున్నా. అక్కడి నుంచి కుడి ద, ఎడమ మ, కుడి ర, ఎడమ పొల్లు, కుడి ర, ఎడమ గుడి. మొత్తం ఎనిమిది దెబ్బలు. మొదటి రెండూ తప్పిస్తే, రెండు చేతులూ దంపుడుపాట పాడుతూ రోకళ్లు వేసినట్టు ఒకటి విడిచి ఒకటి పడతాయి.

లోపాలూ ఉన్నాయి. కుడి చిటికెన వేలు మీద చ-వర్గం, ట-వర్గం, య కూడా పడ్డాయి. అన్ని వేళ్లలో బలహీనమైన వేలికి అంత మోత న్యాయం కాదు. మ, న, వ ఎడమవైపు పోయాయి.

అయినా ఈ వరస తెలుగువాళ్ల చేతికి ఎక్కలేదు. 1990లలో డీటీపీ సెంటర్లు వచ్చాయి. పెళ్లిపత్రిక నుంచి యూనియన్ కరపత్రం దాకా అన్నీ అక్కడే తయారయ్యాయి. ఆ ఆపరేటర్ల వేళ్లకు అను ఫాంట్లు, యాపిల్, మాడ్యులర్ వరసలు అలవాటయ్యాయి. ఒకచోట కొట్టింది ఇంకోచోట తెరిస్తే అక్షరం ముక్క అర్థమయ్యేది కాదు. ఇంకోపక్క అమెరికాలో రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి తయారుచేశారు. తర్వాత వీవెన్ చేసిన లేఖిని ఆ దారిని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది. తెలుగు బ్లాగుల తరం దాని మీదే పెరిగింది, ఆ రుణం చిన్నది కాదు.

వేళ్ల లెక్క మాత్రం అక్కడ మారింది. ఆ పద్ధతిలో 'మందమర్రి'కి పది అక్షరాలు కొట్టాలి, అందులో మూడుసార్లు 'ఎ'. తెలుగు హల్లులో అకారం కలిసే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో దానికి వేలు కదపక్కర్లేదు. ఇంగ్లిష్ దారిలో వస్తే ప్రతి అకారానికీ ఎడమ చిటికెన వేలు కిందికి దిగాలి. రోజంతా రాసేవాళ్ల వేలి నొప్పికి ఇదొక కారణమైతే ఆశ్చర్యం లేదు. విండోస్ ఎక్స్‌పీ నుంచి ఇన్‌స్క్రిప్ట్ కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని ఇన్‌స్టిట్యూట్లలో 'ఎ ఎస్ డి ఎఫ్' అంత పట్టుదలగా నేర్పి ఉండాల్సింది. 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులు వేస్తే లక్షకు దగ్గరగా దరఖాస్తులు వచ్చాయి. నేర్చుకునే చేతులకు ఈ నేల మీద కొరత లేదు.

రెండు ముక్కల కీబోర్డు కట్టుకునేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ వరస అచ్చంగా సరిపోతుంది. ప్రతి స్విచ్ పక్కన ఒక డయోడు టంకం వేస్తారు, మూడు కీలు కలిపి నొక్కినా నాలుగోది పడకుండా. ఒక్కో ముక్కకు ఒక చిన్న కంట్రోలర్, మధ్యలో ఒక కేబుల్. క్యూఎంకే ఫర్మ్‌వేర్‌లో ఏ కీ ఏం పంపాలో సొంతంగా రాసుకోవచ్చు. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే ఎడమ ముక్క గుణింతాలది, కుడి ముక్క హల్లులది అవుతుంది. చిటికెన వేలి బరువు తగ్గించాలంటే ట, డ లను బొటనవేళ్ల కిందికి తెచ్చుకోవచ్చు. ఫ్యాక్టరీ కీబోర్డులో బొటనవేళ్లు రెండూ స్పేస్‌బార్ మీద ఊరికే కూర్చుంటాయి.

ఒక చిక్కుంది. కోర్నెలో సాధారణంగా ఉండేవి 42 కీలే. మామూలు అమరికలో పై వరస కుడి చివర బ్యాక్‌స్పేస్ వస్తుంది, డ ఉండే కీకి చోటు పోతుంది. ఎడమ పైమూల అంకెల వరస లేదు కాబట్టి అక్కడుండే ఒకారపు గుర్తుకూ చోటు పోతుంది. అంటే 'బొగ్గు' అన్న మాటే నేరుగా పడదు. మందమర్రిలో ఎవరైనా కోర్నె కట్టుకుంటే, ఎడమ బొటనవేలి కింది కీల్లో ఒకటి ముందు ఆ ఒకారానికి రాసివ్వాలి.