అసలెంత, కొసరెంత?

పాత కార్ల మోజున్న వాళ్లతో ఎప్పుడైనా మాట్లాడి చూశారా? నగల కొట్లో తరుగు, మజూరీ అంటూ మనం వేసే ప్రశ్నలు వాళ్ల ముందు ఏ మూలకీ చాలవు. ఇంజను కారుతో పుట్టిందేనా? గేరుబాక్సు మార్చారా? రంగు కంపెనీ వేసిందేనా? కొత్త భాగం ఎంత నిగనిగలాడినా వాళ్ల కంటికి ఆనదు. తుప్పు పట్టినా సరే, పాతదైతే కళ్లకద్దుకుంటారు. ఈ పిచ్చి (నేనలాగే అంటాను) ఓసారి లండనులో కోర్టుకే ఎక్కింది.

ఆ కారు పేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. బెంట్లీ వాళ్ల స్పీడ్ సిక్స్ రకం. ఫ్రాన్సులోని లె మాన్‌లో 24 గంటల పందెం జరుగుతుంది కదా, అందులో 1929లోనూ, 1930లోనూ గెలిచింది ఇదే. రెండుసార్లూ నడిపిన వాళ్లలో వుల్ఫ్ బర్నాటో ఉన్నాడు. దక్షిణాఫ్రికా వజ్రాల సొమ్ముకు వారసుడాయన.

పందెపు కారంటే అద్దాల బీరువాలో బొమ్మ కాదుగా! ప్రతి పందానికీ ఏదో విప్పుతారు, ఏదో బిగిస్తారు. 1932లో దానికి 8 లీటర్ల పెద్ద ఇంజను పెట్టారు. ఆ సెప్టెంబరులోనే ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది ఏటవాలు గట్టు దాటి అవతలికి పడిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన భార్య జేన్ బాక్స్‌టర్ అనే నటి. కార్ల పుస్తకాలు ఇంజను గురించి రాసినంత ఆవిడ గురించి రాయవు. ఆ తర్వాత బర్నాటో ఆ కారును బాగుచేయించి, పైకప్పు వేయించి, మామూలు రోడ్ల మీద తిప్పుకున్నాడు.

1990లో దానికి కోటి పౌండ్లకు బేరం కుదిరింది. అక్షరాలా కోటి! తీరా కొనేవాళ్లు, “ఇది ఆ కారే కాదు” అంటూ వెనక్కి తగ్గారు. ఇంకేం, జస్టిస్ ఆటన్ ముందు దాని ఒక్కో ముక్కకూ జాతకం తీశారు. 1929 నాటిదని గట్టిగా చెప్పగలిగింది దాదాపు ఏమీ తేలలేదు. 1930 నాటిది గేరుబాక్సు తొడుగు, బహుశా స్టీరింగు కాడ. చాసిస్సు, ముందు ఇరుసు, ఇంజను 1932వి.

అయినా కొనేవాళ్లే ఓడిపోయారు. భాగాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చినా కారు బతుకు ఎక్కడా తెగలేదనీ, ఆ పేరు చెప్పుకోగల మరో బెంట్లీ ఎక్కడా లేదనీ జడ్జిగారి మాట.

నాకిది సబబుగానే తోచింది. మా అత్తగారి కాసులపేరుకు కొక్కెం రెండుసార్లు మార్చాం, తెగిన చోట గొలుసు వేయించాం. అయినా అది అత్తగారిదే. కానీ మొత్తం కరిగించి కొత్త ఫ్యాషన్లో చేయిస్తే? బంగారం అదే, నగ మాత్రం అది కాదు. ఈ కారులో బంగారం మారింది, నగ నిలిచింది. విప్పేసిన పాత భాగాలన్నీ ఎవరో పోగేసి ఇంకో కారు కట్టి ఉంటే జడ్జిగారు ఏమనేవారో మరి!

అలాగని పాత భాగాల మోజును కొట్టిపారేయలేను. ఏది ఏ ఏటిదో కోర్టులో చెప్పింది ఆ ఇనుమే కదా. అన్నీ కొత్తవి బిగించేసి ఉంటే విచారించడానికి ఏం మిగిలేది?

ఇదంతా చెప్తే మా వారు పేపరు పక్కన పెట్టి, కోటి పౌండ్లలో ఆ గేరుబాక్సు తొడుగు వాటా ఎంతో లెక్కగట్టమన్నారు.