ఇల్లు కొనేముందు హక్కు చూసుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇల్లు కొనేవారిలో పలువురు రిజిస్ట్రేషన్ అయితే హక్కు వచ్చినట్లేనని భావిస్తుంటారు. ఇది పొరపాటు. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారే తప్ప అమ్మకందారు హక్కుకు హామీ ఇవ్వరు. బయానా చెల్లించకముందే ఈ కింది అంశాలు పరిశీలించాలి.

* కనీసం 30 ఏళ్ల ఈసీ తీసుకుని లింకు దస్తావేజులతో సరిచూడాలి. నమోదు కాని ఒప్పందాలు, వీలునామాలు ఈసీలో కనిపించవు.
* సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో లేదని నిర్ధారించుకోవాలి. ప్రభుత్వ, దేవాదాయ భూములు ఈ జాబితా కిందకు వస్తాయి.
* పిత్రార్జితమైతే కుమార్తెలు సహా వాటాదారులందరూ సంతకాలు చేయాలి.
* 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల కొనుగోలు చెల్లదు.

అసలు పత్రాలను న్యాయవాదికి చూపించిన తర్వాతే సొమ్ము చెల్లించడం శ్రేయస్కరం.