ఊరే లేచి వెళ్ళిపోయిన ఊరు

నిజానికి చీరాల మా ప్లాన్‌లో లేదు. వేటపాలెం సారస్వత నికేతనం చూద్దామని ముగ్గురం హైదరాబాద్ నుంచి తెల్లవారుజామునే బయలుదేరాం. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు చూడాలని ఎప్పటినుంచో ఆశ. నరసరావుపేట, చిలకలూరిపేట దాటి పర్చూరు దారి పట్టాక రెండు పక్కలా నల్లరేగడి. ఒకవైపు ఏరగా మిగిలిన పత్తి, ఇంకోవైపు కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. అద్దాలెత్తినా ఘాటు ఆగలేదు. తుమ్మీ తుమ్మీ చీరాలలో టీకి ఆగాం.

చూడగానే నచ్చే ఊరు. సందుల నిండా బట్టల కొట్లు, ఎక్కణ్ణుంచో సముద్రపు గాలి. ఒకప్పుడు ఇక్కడి నూనె రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. నాకు మాత్రం చీరాల అంటే పోటీ పరీక్షల రోజుల్లో బట్టీపట్టిన ఒక బిట్టు. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడెవరు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఒక మార్కు.

ఆ ఒక్క మార్కు వెనక ఉన్నది ఇది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. కాగితం మీద అది స్థానిక స్వపరిపాలన. ఊరివాళ్ళకి మాత్రం పన్ను చీటీ. ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్నుల మొత్తం 40,000 దాకా వెళ్ళింది. కట్టాల్సినవాళ్ళలో ఎక్కువమంది నేతగాళ్ళు, చిన్న రైతులు, కూలీలు. వద్దని అర్జీలు పెట్టారు, వినలేదు. కట్టం అన్నారు, జైల్లో పెట్టారు.

అప్పుడు ముందుకొచ్చినవాడు దుగ్గిరాల. ఎడింబరోలో ఎం.ఏ. చేసి, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి. ఆ పుస్తకం 1917లో వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయన కాషాయం కట్టి, రామదండు అనే వాలంటీర్ల దళాన్ని నడుపుతున్నాడు.

1921 ఏప్రిల్ మొదట్లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశాలయ్యాక, గాంధీ చీరాల వచ్చాడు. రెండు దారులు చెప్పాడు: అహింసగా పన్ను ఎగ్గొట్టడం, లేదా ఊరు ఖాళీ చేయడం. ఏది ఎంచుకున్నా కాంగ్రెస్ సొమ్ము మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఊరు రెండోది ఎంచుకుంది. మునిసిపాలిటీ హద్దు బయట పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. చరిత్ర పుస్తకాల లెక్క ప్రకారం సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా వెళ్ళిపోయారు. తగాదాలు తీర్చుకోడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు.

'వెళ్ళిపోయారు' అని రాయడం తేలిక. నేతగాడి సంగతే చూడండి. గుంటమగ్గం అంటే నేలలో తవ్విన గోతిలో కాళ్ళు పెట్టుకుని నేసేది. కర్రలు, పలకలు మోసుకుపోవచ్చు, గొయ్యిని మోసుకుపోలేం. కొత్త చోట మళ్ళీ తవ్వుకోవాలి. వానొస్తే గోతిలో నీళ్ళు, తేమకి పాడయ్యే నూలు. గంజి పెట్టిన పడుగు ఆరాలంటే ఎండ కావాలి, పొడుగాటి వీధి కావాలి. మగ్గం ఆడని రోజు కూలి లేదు. అలాంటివాళ్ళు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం పాకల్లో గడిపారు. 11 నెలలు.

చివరికి డబ్బు అయిపోయింది. నిధుల కోసం తిరుగుతున్న దుగ్గిరాల బరంపురంలో మాట్లాడకూడదన్న ఉత్తర్వును లెక్కచేయకపోతే ఏడాది జైలు వేశారు. నాయకుడు తిరుచిరాపల్లి జైల్లో, జనం పాకల్లో. 1922లో తిరిగి ఇళ్ళకు వచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. దుగ్గిరాల 1928లో క్షయతో పోయాడు, 39 ఏళ్ళకే.

దీన్ని మహోజ్వల ఘట్టమని రాసేవాళ్ళున్నారు. నాకది ఓటమిగానే కనిపిస్తుంది. త్యాగం చేయమని సలహా ఇచ్చినవాళ్ళ చేతుల్లో ఖర్చుకి డబ్బు లేదు. ఖర్చంతా మగ్గం మీద బతికేవాళ్ళే పెట్టుకున్నారు. అయినా అంతమంది ఒక్క మాట మీద 11 నెలలు నిలబడ్డారన్నది కూడా అంతే నిజం. ఆ రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా అది మళ్ళీ బిట్టే అవుతుంది.

టీ కొట్టాయన్ని ఈ కథ తెలుసా అని అడిగాను. "మా తాతలు చెప్పేవోళ్ళండీ" అన్నాడు గ్లాసులు కడుగుతూ. "ఇప్పుడు పన్నని ఎవరు పోతారు సార్ ఊరొదిలి? పన్ను లేకపోయినా పోతన్నారు పిల్లకాయలు."

మేం ముగ్గురం నవ్వాం. ముగ్గురం అలా వచ్చేసినవాళ్ళమే. పల్నాడులో మా ఇంటికి తాళం పడి ఎనిమిదేళ్ళు. ఏటా మార్చిలో ఆ ఇంటి పన్ను ఫోన్లో కట్టేస్తాను, అర నిమిషం పని. చీరాలవాళ్ళు పన్ను కట్టకుండా ఉండటానికి ఇల్లు వదిలారు. నేను ఇల్లు వదిలేసి పన్ను కడుతున్నాను.

వేటపాలెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది.