పాతబస్తీ సర్కారు బడి

హైదరాబాద్ పాతబస్తీలోని సిటీ కాలేజీ భవనానికి నూరేళ్లు దాటాయి. ఈ సందర్భంలో కాలేజీ ఒక్కదాన్నే తలుచుకుంటే సరిపోదు. దాని చుట్టూ ఉన్న సర్కారు బడులన్నిటినీ కలిపి చెప్పుకోవాలి.

చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లో ఎంత తిరిగినా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అన్న బోర్డు కనబడదు. 1978లో రంగారెడ్డి జిల్లా విడిపోయాక హైదరాబాద్ జిల్లాలో పల్లెలే మిగల్లేదు కనుక జిల్లా పరిషత్తూ లేదు, మండల పరిషత్తూ లేదు. విజయవాడ, విశాఖల్లోలాగా ఇక్కడి కార్పొరేషన్ బడులు నడపదు. డీఈవో కిందే అంతా. మిగతా చోట్ల ఎంఈవో చూసే పనిని ఇక్కడ డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) చూస్తారు. పల్లెలో బడి కట్టాలంటే స్థలమిచ్చే రైతో, చందా ఎత్తే ఊరి పెద్దో ముందుకొస్తారు. పాతబస్తీలో ఆ వీలు లేదు. అందుకే ఎన్నో బడులు అద్దె ఇళ్లలో సర్దుకున్నాయి. ఒకే ఆవరణలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం బడులు పక్కపక్కనే నడుస్తుంటాయి.

సర్కారే బడి పెట్టడమన్నది ఇక్కడ పాత సంగతి. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉండగా, 1850లలో దారుల్ ఉలూమ్ మొదలైంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక నది ఒడ్డును కొత్తగా తీర్చిదిద్దారు. హైకోర్టు, అవతలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు పక్కన సిటీ హైస్కూలు లేచాయి. ఈ మూడింటిలోనూ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ చెయ్యి ఉంది. 1921లో స్కూలు ఈ భవనంలోకి మారింది. ఆ ఏడే 30 మందితో ఇంటర్మీడియట్ తరగతులు పెట్టారు. 1929లో అది సిటీ కాలేజీ అయింది. న్యాయస్థానానికి, ఆసుపత్రికి సాటిగా బడికీ అంతటి రాతి మేడ కట్టించడం చిన్న విషయం కాదు. ఈ మాట నేను గర్వంగా చెబుతాను.

అప్పటి బడుల మెట్లు తహతానియా (ప్రాథమిక), వస్తానియా (మాధ్యమిక), ఫౌఖానియా (ఉన్నత). 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలయ్యాక, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడూ లెక్కలు, సైన్సు ఉర్దూలోనే చదివాడు. ఆనాటి అడ్మిషన్ రిజిస్టర్ తెరిస్తే ఆ కాలమంతా కళ్లకు కడుతుంది. కుడి నుంచి ఎడమకు సాగే రాత, ఫసలీ సంవత్సరాలు, ఆజూర్, దై, బహ్మన్ అంటూ నెలల పేర్లు. ఫసలీకి నెలను బట్టి 590 లేదా 591 కలిపితే గానీ మన సంవత్సరం తేలదు. ఎవరైనా తాతగారి పుట్టిన తేదీ కోసం వస్తే, ఉర్దూ సారును పిలిపించి చదివించాల్సిందే. తేమకు అట్టలు ఊడుతున్న ఈ రిజిస్టర్లను వెంటనే స్కాన్ చేయించాలి. పాతబస్తీలో పేదల ఇళ్లకు ఇంతకు మించిన వంశచరిత్ర లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగు మీడియం పెరిగింది, ఉర్దూ మీడియమూ నిలిచింది. 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ పిల్లల భాష. 'మన బస్తీ – మన బడి' పథకం కింద కొన్ని బడులకు రంగులు, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి.

కానీ బల్లలు పాఠం చెప్పవు కదా! ఉర్దూ మీడియం పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ రోస్టర్ కిందికి వచ్చినవి అభ్యర్థులు దొరక్క మిగిలిపోతుంటాయి. ఒక నోటిఫికేషన్‌లో మిగిలినవి మరో నోటిఫికేషన్ దాకా ఖాళీగానే ఉంటాయి. ఆటో నడిపేవాళ్ల, గాజులు అమ్మేవాళ్ల పిల్లలు అప్పటిదాకా లెక్కల సారు లేకుండానే పై తరగతికి వెళ్లిపోతారు. ఆ వర్గాల వాటా పోకుండా వాళ్లకు వేరే మీడియంలో అన్నే పోస్టులిచ్చి, ఈ ఖాళీలను ఉర్దూ చదివినవాళ్లతో నింపే దారి సర్కారు వెతకాలి. జూన్‌లో బడి గంట కొట్టే నాటికి ప్రతి తరగతికీ టీచరు ఉండాలి.