మహాసభ – మరణశిక్ష

తెలుగు బైబిలు చదివినవారికి ‘మహాసభ’ ఏసుకు మరణం విధించిన సభగానే గుర్తు. గ్రీకుమాటలోంచి వచ్చిన ‘సన్‌హెడ్రిన్’కు కలిసి కూర్చోవడమని అర్థం. యెరూషలేము దేవాలయంలో, చెక్కుడురాళ్ళ మందిరంలో 71 మంది కూర్చునేవారని మిష్నా చెబుతుంది. మామూలు మరణశిక్ష నేరాలకు 23 మంది చాలు. విడుదలకు ఒక్క ఓటు ఆధిక్యం సరిపోతుంది, శిక్షకు రెండు కావాలి. విడుదల ఆ రోజే చెప్పవచ్చు; శిక్ష మర్నాడే. పెద్దలకు జంకకుండా చిన్నవారు ముందు మాట్లాడాలి. (ఈ నియమం మన కళాశాలల సమావేశాలకు కూడా ఉంటే!) ఏడేళ్ళకొకరిని చంపినా అది వినాశకసభే.

అయితే దేవాలయం కూలింది క్రీ.శ. 70లో, మిష్నా సంకలనమైంది 200 ప్రాంతాన. అప్పటికి చంపే అధికారం రోముది. కనుక ఇది అధికారం లేనివాళ్ళు కాగితంమీద చూపిన దయ అని కొందరు తేల్చేస్తారు. నేనలా అనుకోను. రాజ్యం చేతిలో తనవాళ్ళను పోగొట్టుకున్న జాతికే ప్రాణం తీయడం ఎంత కష్టం కావాలో తెలుస్తుంది.

మా మలక్‌పేటకు మూసీ అవతల, ముషీరాబాదు జైలులో, ఆదిలాబాదు రైతులు భూమయ్యను, కిష్టాగౌడును 1975 డిసెంబరు 1న ఉరితీశారు. అప్పుడు అత్యవసర పరిస్థితి. న్యాయస్థానాలు తెరిచే ఉన్నాయి.