పొర నీటిలో ఏడీఏ: యాంటీబాడీ చెప్పేదెంత?

ఊపిరితిత్తులకు నీరు పట్టిందని, అంటే వాటి చుట్టూ ఉన్న పొరలో నీరు చేరిందని, కైకలూరు నుంచో భీమడోలు నుంచో ఏలూరు వచ్చే రోగికి డాక్టర్లు రాసే పరీక్షల్లో ఏడీఏ ఒకటి. పూర్తి పేరు అడెనోసిన్ డీఅమినేజ్. అడెనోసిన్ పేరుకుంటే రోగనిరోధక కణాల దూకుడు తగ్గుతుంది. దాన్ని ఇనోసిన్‌గా మార్చి ఆ కళ్లెం వదులు చేసేది ఈ ఎంజైమ్. పుట్టుకతో ఇది లేని పిల్లల్లో రోగనిరోధక శక్తి దారుణంగా దెబ్బతింటుందని 1972లో ఎలోయిస్ గిబ్లెట్ బృందం వెల్లడించింది.

మనుషుల్లో దీనికి రెండు రూపాలున్నాయి. ఏడీఏ1 దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. ఏడీఏ2 ముఖ్యంగా మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల నుంచి బయటికి వస్తుంది. టీబీ వల్ల చేరిన నీటిలో పెరిగేది ప్రధానంగా ఈ రెండోదే. మరి ఏడీఏ2ను పట్టే యాంటీబాడీలు మార్కెట్లో దొరుకుతున్నాయి కదా, వాటితోనే టీబీ అని తేల్చేయొచ్చా?

అంత తేలిక కాదు. ఆస్పత్రి ల్యాబు కొలిచేది ఎంజైమ్ ఎంత ఉందన్నది కాదు, ఎంత పని చేసిందన్నది. పాత గియుస్తీ పద్ధతిలో, అడెనోసిన్ నుంచి విడుదలైన అమ్మోనియా ఫినాల్, హైపోక్లోరైట్‌లతో కలిసి నీలిరంగు తేలుతుంది. యాంటీబాడీ మాత్రం ప్రోటీన్ ఆకారంలో ఒక ముక్కను గుర్తుపడుతుంది. ఆ ప్రోటీన్ పనిచేస్తోందో, చచ్చుబడిందో దానికి పట్టదు.

పైగా యాంటీబాడీ సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేస్తే ఏడీఏ2 గీత లెక్క ప్రకారం రావాల్సిన చోటికంటే పైన కనిపిస్తుంది, ఎందుకంటే దానికి చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. వాటిని కోసే ఎంజైమ్ కలిపినప్పుడు గీత కిందికి దిగితే కొంత నమ్మకం. పొర నీటిలో ఇంకో చిక్కు: దాదాపు 66 కిలోడాల్టన్ల అల్బుమిన్ అక్కడ విపరీతంగా ఉండి, ఆ ప్రాంతాన్నే ఉబ్బించి గీతను మసకబారుస్తుంది. గట్టి పరీక్ష కావాలంటే ఏడీఏ2 జన్యువును తీసేసిన మానవ కణాలు పక్కన ఉండాలి. వాటిలోనూ గీత కనబడితే ఆ సీసాను పక్కన పెట్టాల్సిందే. ఎలుకల్లో ఈ జన్యువే లేదు కాబట్టి, మానవ జన్యువు చేర్చిన, చేర్చని ఎలుక కణాలు కూడా మంచి పోలికే.

రంగు పరీక్షకూ లోపాలున్నాయి. నమూనాలో ఎర్ర రక్తకణాలు పగిలితే వాటిలోని ఏడీఏ1 కలిసి అంకె పెరుగుతుంది. ఎండల్లో లంక గ్రామం నుంచి నమూనా ఆలస్యంగా చేరినా తేడా రావచ్చు. లీటరుకు 40 యూనిట్లు దాటితే టీబీని అనుమానించడం వాడుకలో ఉంది. అయితే చీము చేరినా, లింఫోమా ఉన్నా, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నా ఆ అంకె దాటవచ్చు. ఈహెచ్‌ఎన్‌ఏ అనే రసాయనం ఏడీఏ1ను ఆపి ఏడీఏ2ను వదిలేస్తుంది. కాబట్టి అదే నమూనాను ఆ రసాయనంతోనూ, అది లేకుండానూ కొలిస్తే ఏ రూపం పెరిగిందో తెలుస్తుంది. యాంటీబాడీ ఫలితాన్ని దీని పక్కన పెట్టి చూడటమే నా దృష్టిలో సరైన పద్ధతి.

ఈ రెండూ కలిసి టీబీ అనుమానాన్ని బలపరచగలవు, అంతే. టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే నమూనాలో టీబీ బ్యాక్టీరియా గానీ, దాని డీఎన్‌ఏ గానీ దొరకాలి. పొర నీటిలో అది తరచూ దొరకదు, అందుకే పొర ముక్కను బయాప్సీకి పంపాల్సి వస్తుంది.